మోకాళ్ళ పొడి

కుర్చీల మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. కొత్త కుర్చీ చేసిపెట్టమంటే మొహం చిట్లిస్తాడు గానీ, కాలు విరిగిన పాత కుర్చీ తెచ్చి ముందు పెడితే చంటిపిల్లను అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంటాడు. ఇంటి కింది గదే ఆయన పనిగది. అందులో ఎప్పుడు చూసినా నాలుగైదు కుర్చీలు కాళ్ళు పైకెత్తి పడుంటాయి. మూలనున్న చిన్న పొయ్యి మీద నీళ్ళ గిన్నె, ఆ నీళ్ళలో ఇంకో చిన్న గిన్నె, అందులో జిగురు. పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు అది. గోధుమరంగు గుళికలుగా సంచుల్లో వస్తుంది. ముందురోజు నానబెట్టి మర్నాడు సన్నటి సెగమీద కరిగించాలి. మరిగిందా, పట్టు పోతుంది. డబ్బాల్లో తెల్లజిగుర్లు సవాలక్ష దొరుకుతున్నాయి కదా అని ఎవరైనా అంటే, "దాంతో అతికించిన కుర్చీ రేపు విప్పాల్సొస్తే కర్ర విరుగుతుంది గానీ అతుకు వదలదు. నా జిగురు కాస్త ఆవిరి చూపిస్తే చెప్పినమాట వింటుంది" అనేవాడు.

ఆయన భార్య లైబ్రరీలో పనిచేస్తుంది. పిల్లలు పుస్తకాలమ్మ అని పిలవడం మొదలుపెట్టారు, పెద్దవాళ్ళకీ అదే నోటికి వచ్చేసింది. తిరిగొచ్చిన పుస్తకాలను చక్రాల బండిలో వేసుకుని, అరల మధ్య తిప్పుకుంటూ, దేని చోటులో దాన్ని పెట్టడం ఆమె పని. పై అరకి నిచ్చెన ఉంది. కింది అరకి మోకాళ్ళే దిక్కు. పిల్లల పుస్తకాలన్నీ కింది అరల్లోనే ఉంటాయి మరి.

ఆమె మాంసం ముట్టదు. పెళ్ళికి ముందు నుంచీ అంతే. ఇంట్లో మిగతావాళ్ళు తింటారు, వాళ్ళకి తనే వండి పెడుతుంది కూడా. ఎవరికీ నీతులు చెప్పదు. పెళ్ళయిన కొత్తలో పనిగదిలోంచి వచ్చే వాసనకి ముక్కు మూసుకుని, "ఇది దేంతో చేస్తారండీ?" అని అడిగింది. మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె వారం రోజులు ఆ గది గడప తొక్కలేదు. ఎనిమిదో రోజు టీ గ్లాసు పట్టుకుని తనే దిగివచ్చి, "మీ పని మీది, నా కంచం నాది" అంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

యాభై ఎనిమిదో ఏట ఆమె మోకాళ్ళు మొరాయించాయి. మొదట కింది అర దగ్గర కూర్చుని లేచేటప్పుడు బండి పట్టుకునేది. తర్వాత తోటి ఉద్యోగిని చెయ్యి పట్టుకునేది. చివరికి పిల్లల్నే, "కింది అరలో ఆ పచ్చ అట్ట పుస్తకం తీసి ఇవ్వమ్మా" అని బతిమాలుకునే స్థితి వచ్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, కీళ్ళమధ్య మెత్తటి పొర కాస్త అరిగిందని చెప్పి, ఆరు వ్యాయామాల బొమ్మలున్న కాగితం చేతికిచ్చింది. ఆ కాగితం ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపుకి అతుక్కుని, అక్కడే ఉద్యోగం వెలగబెట్టసాగింది.

అలాంటప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే మేస్త్రి చెల్లెలు తళతళలాడే డబ్బా ఒకటి చంకన పెట్టుకుని ఊడిపడింది. ఆమె రెండు వీధులవతల బ్యూటీ పార్లరు నడుపుతోంది. యాభైకి దగ్గరపడిందని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మనందుకు ఆమె ఎంతో సంతోషిస్తుంది.

"వదినా, నా బుగ్గ ముట్టుకో."

"పొద్దున్నే ఇదేం కోరికే?"

"ముట్టుకో, చెప్తా."

వదిన ముట్టుకుంది. "ఊఁ. బుగ్గే."

"బుగ్గే అంటే సరిపోయిందా! ఆర్నెల్ల కిందట నలిపి పారేసిన కాగితంలా ఉండేది. ఇప్పుడు చూడు. కొల్లాజెన్! రోజూ ఒక చెంచా."

"నా బుగ్గలెవరు చూస్తారే? రోజంతా నన్ను చూసేది పుస్తకాలు."

"బుగ్గలకి నేను తాగుతున్నా, మోకాళ్ళకి నువ్వు తాగు. చర్మం, కీళ్ళు, గోళ్ళు అన్నిట్లో ఉండేది ఇదేనట. వయసొచ్చేకొద్దీ ఒంట్లో తగ్గిపోతుందట. పైనుంచి పోసుకోవాలి."

"ట్యాంకులో నీళ్ళలాగా?"

"నీతో వాదించడం నావల్ల కాదు. మూణ్ణెల్లు తాగు, తర్వాత వెక్కిరించు."

"ఇందులో ఏముంటుందో?"

"అన్నీ సహజమే వదినా. ఇదిగో, నారింజ పండు, ఆకు" అంటూ చెల్లెలు డబ్బా మీది బొమ్మలు చూపించింది.

పుస్తకాలమ్మ కళ్ళద్దాలు ఆరోజు లైబ్రరీలోనే ఉండిపోయాయి. అక్షరాల మధ్య బతికే మనిషి ఆ డబ్బా మీది అక్షరాలు మాత్రం చదవలేదు. ఆడపడుచు మాట, ఆకు బొమ్మ చాలనుకుంది. మర్నాటి నుంచి గోరువెచ్చటి పాలలో ఒక చెంచా వేసుకుని తాగసాగింది. ఇంట్లో దానికి మోకాళ్ళ పొడి అని పేరు పడింది.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆమె డాక్టరమ్మని అడిగింది కూడా. డాక్టరమ్మ నవ్వి, "కొన్ని పరీక్షల్లో నొప్పి కాస్త తగ్గినట్టు తేలింది, కొన్నిట్లో ఏమంత తేలలేదు. తాగగానే సరాసరి వెళ్ళి మోకాట్లో కూర్చుంటుందనుకోకండి. తిన్న పప్పులాగే అదీ కడుపులో అరిగి ముక్కలవుతుంది. తాగితే తాగండి. పొడి తాగుతున్నా కదా అని వ్యాయామాలు మానేస్తే మాత్రం నేనూరుకోను" అంది. ఆ బెదిరింపుకో, పొడి మీద పెట్టుకున్న ఆశకో, ఫ్రిజ్ మీది కాగితానికి మొదటిసారి పని దొరికింది.

రెండో వారంలో ఒకరోజు పొద్దున ఆమె లైబ్రరీకి వెళ్ళిపోయాక, మేస్త్రి బల్ల మీదున్న ఆమె గ్లాసు తీయబోయాడు. అది రాలేదు. అంచునుంచి కారి ఆరిన పాలచుక్కలు గ్లాసుని బల్లకి పట్టేశాయి. గట్టిగా లాగితే టక్కుమని ఊడింది. ఆ చప్పుడు ఆయనకి బాగా తెలుసు. వేలు తడిచేసి ఆ మరక మీద రుద్ది, బొటనవేలితో కలిపి విడదీశాడు. సన్నటి దారం సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పాలవాసన వెనక, లీలగా, నలభై ఏళ్ళుగా తన చొక్కాలకి పట్టిన వాసన.

కిందికి వెళ్ళి నగిషీ పనికి వాడే భూతద్దం తెచ్చాడు. డబ్బా తిప్పి తిప్పి చూశాడు. వెనకవైపు అడుగున, చీమలబారులాంటి అక్షరాల్లో ఉంది: పశుచర్మం నుంచి తీసిన కొల్లాజెన్ పెప్టైడ్లు. పెప్టైడ్లంటే ఏమిటో ఆయనకి తెలియదు. పశుచర్మమంటే తెలుసు. తన గిన్నెలో కరిగేదీ ఈ డబ్బాలో మెరిసేదీ ఒక కడుపున పుట్టినవే. దీన్ని ఇంకాస్త విడగొట్టి, మంచి బట్టలు తొడిగి పంపారు, అంతే.

చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నిజమా? ఒట్టు, నేను చూళ్ళేదు" అంది ఆమె కంగారుగా. అవతల హెయిర్ డ్రయర్ హోరు ఆగింది. "వదిన మోకాళ్ళెలా ఉన్నాయి?"

"కాస్త నయమే అంటోంది."

"అయితే చెప్పకు. తెలిసి తిన్నదేం కాదుగా. తెలియక తింటే పాపమేంటి? నయమయ్యాక మాన్పిద్దాం."

"నేను చెప్దామనే..."

"నీ ఇష్టం. ఆవిడ బాధ నువ్వే చూస్తున్నావుగా రోజూ."

ఆ సాయంత్రం చెప్పెయ్యాలనే అనుకున్నాడు. మెట్ల కింద నిలబడి ఎదురుచూశాడు. ఆమె పైనుంచి బట్టల బుట్ట రెండు చేతులా పట్టుకుని దిగుతోంది. చివరి మెట్టు మీద ఆగి, చిన్నపిల్లలా గడ్డం ఎగరేసి, "చూశారా? కమ్మీ పట్టుకోలేదు!" అంది. ఆయన బుట్ట అందుకున్నాడు. "చూశా, చూశా" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక రోజు ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంకెన్ని రోజులకి వస్తుందో చూద్దామని డబ్బా చేతిలోకి తీసుకుంది. అదే సమయానికి లైబ్రరీ నుంచి ఫోన్ రావడంతో కింద పెట్టింది. మేస్త్రి అది చూస్తూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం వెడల్పు మూతి గాజుసీసా ఒకటి కడిగి ఆరబెట్టి, పొడి అందులో వంపేశాడు. డబ్బాని పాత గుడ్డలో చుట్టి వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చాడు. "తేమ పడుతోందని సీసాలో పోశా" అని చెబితే, ఆమె "మీకింత శ్రద్ధ ఎప్పట్నుంచీ?" అని మురిసిపోయింది. ఆ మురిపెం ఆయనకి మేకులా గుచ్చుకుంది. తర్వాత రెండు డబ్బాలు చెల్లెలి దగ్గర తనే తెచ్చి, దారిలోనే విప్పి, సీసాలోకి చేర్చాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఆమె ఇప్పుడు కింది అర ముందు మోకాళ్ళ మీద కూర్చుంటోంది, బండి పట్టుకోకుండా లేస్తోంది. వ్యాయామాలు తప్పట్లేదు. సాయంత్రం నడక కూడా మొదలైంది. పొడి పనిచేసిందో, కాగితం పనిచేసిందో, రెండూ కలిసి చేశాయో డాక్టరమ్మే తేల్చి చెప్పలేనప్పుడు మేస్త్రి ఏం చెప్పగలడు? ఆయన మాత్రం లోలోపల లెక్క సరిపెట్టుకుంటూ వచ్చాడు. ఆమెకి బాధ పోయింది. ఎవరికీ నష్టం లేదు. ఆవు ఎప్పుడో పోయింది, తోలు ఎప్పుడో ఉడికింది. ఇలా అనుకున్న ప్రతిసారీ నిజమే అనిపించేది. కానీ టీవీలో ఎవరో తిండి గురించి మాట్లాడితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

లైబ్రరీ చదువుల గదిలో పన్నెండు కుర్చీలు కదులుతున్నాయని కబురొస్తే, ఒక శనివారం పనిముట్లు తీసుకుని వెళ్ళాడు. ఒక్కో కుర్చీ విప్పుకుంటూ, పొడుగాటి బల్ల వెనక నేలమీద చతికిలబడి, బిగింపులు వేస్తున్నాడు. బల్లకి అవతల, పిల్లల మూలలో, ఆయన భార్య చుట్టూ పదిమంది బడిపిల్లలు చాప మీద కూర్చున్నారు. ఆమె ఒక దూడ కథ చదివింది. కథ అయిపోయాక రెండు జడల పిల్ల ఒకతె లేచి, "మీరు మాంసం తినరంట కదా? మా అమ్మ చెప్పింది. ఎందుకు తినరు?" అని అడిగింది.

మేస్త్రి చేతిలో బిగింపు ఆగిపోయింది.

"నీ అంత ఉన్నప్పుడు, తొమ్మిదేళ్ళప్పుడు, మా నాన్నతో రోడ్డు మీద నడిచి వెళ్తున్నా" అంది ఆమె. "రైలు గేటు దగ్గర లారీ ఆగింది. దాని నిండా దూడలు. ఒకటి చెక్కల సందులోంచి నాలుక చాపి నా అరచెయ్యి నాకింది. ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది. ఎక్కడికి తీసుకెళ్తున్నారు నాన్నా అనడిగా. మా నాన్న అబద్ధం చెప్పొచ్చు. గడ్డి మేయడానికి అనొచ్చు. నేను చిన్నపిల్లనే కదా, నమ్మేదాన్ని. కానీ ఆయన నిజం చెప్పాడు. చెప్పి, ఇంకేమీ అనలేదు. తినమనలేదు, మానమనలేదు. ఇంటికెళ్ళి నాకు నేనే మానేశా."

"అప్పట్నుంచీ ఒక్కసారి కూడా తినలేదా?"

"ఒక్కసారి కూడా. వచ్చే నెలకి నలభై తొమ్మిదేళ్ళు."

పిల్లలు ఓ అన్నారు. ఆమె గొంతులో గొప్ప ఏమీ లేదు. తన ఎత్తెంతో చెప్పినట్టు చెప్పింది. బల్ల వెనక మేస్త్రి తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె ఇన్నేళ్ళూ నిజంగా నిలబెట్టుకున్న ఒక మాటని తను అబద్ధం చేసిపెట్టాడు. అదీ ఆమె చేత, పిల్లల ముందు చెప్పించాడు. ఆరోజు మిగతా కుర్చీలకి జిగురెలా పట్టించాడో ఆయనకే తెలియదు. రెండు కాళ్ళు తారుమారుగా పెట్టి మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె వంటింట్లో కూరగాయలు కడుగుతోంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకో మాట చెప్పాలి. కాస్త కూర్చో."

"కూర్చుంటే మళ్ళీ లేవాలి. చెప్పండి, వింటున్నా."

"ఆ పొడి... పశువుల తోలుతో చేసిందే. మన జిగురులాంటిదే."

కుళాయి అలాగే పారుతోంది. ఆమె దాన్ని కట్టేసింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. గ్లాసు బల్లకి అతుక్కుంటే కనిపెట్టా. డబ్బా మీదా రాసుంది."

"ఎప్పుడు?"

"రెండో వారంలో."

ఆమె తడిచేతి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "డబ్బా తేమ పట్టిందన్నారు."

"తేమ కాదు. నువ్వు చదువుతావని."

ఆమె కుర్చీలో కూర్చుంది. తడిచేతులు తుడుచుకుంది. ఆయనే మళ్ళీ ఎత్తుకున్నాడు. "నీ మోకాళ్ళు బాగుపడుతున్నాయి కదా అని..."

"నా మోకాళ్ళే కదండీ. నన్నడగాలిగా."

"ముప్పై ఏళ్ళుగా మనం బతికింది తోలు జిగురు మీదేగా. అది నువ్వు..."

"అది మీరు నాకు చెప్పారు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "చెబితే వారం రోజులు ఆలోచించుకున్నా. ఆలోచించుకుని ఒప్పుకున్నా. ఇది నా బదులు మీరే ఒప్పేసుకున్నారు." లేచి వెళ్ళి సీసా మూత బిగించి పై అరలో పెట్టింది. మిగిలిన కూరగాయలు ఎప్పటిలాగే కడిగింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలకి కరువొచ్చింది. పోట్లాట లేదు, అలక లేదు, గిన్నెలు విసరడం అసలే లేదు. "తాళం", "గ్యాస్", "రేపు నీళ్ళు రావు" అనే ముక్కలు తప్ప ఆమె నోట వేరే మాట రాలేదు. తిట్టినా బాగుండు అనుకున్నాడు మేస్త్రి. కింద పనిగదిలో కూర్చుని, పైన ఆమె అడుగుల చప్పుడు వింటూ, ఏ అడుగు బరువుగా పడుతోందో, నొప్పి తిరిగొచ్చిందేమోనని చెవులు రిక్కించేవాడు. అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఐదో రోజున చెల్లెలు వచ్చింది. పార్లరు మూసి మరీ వచ్చింది.

"వదినా, నన్ను తిట్టు."

"నిన్నెందుకు తిట్టాలి? తెలియక తెచ్చావు."

"తెలిశాకా చెప్పలేదుగా. చెప్పొద్దని అన్నయ్యకి ఎక్కించింది కూడా నేనే."

"అలాగా. అయితే కూర్చో" అంది వదిన. తలుపు దగ్గరికి వేసింది. కింది నుంచి మేస్త్రికి మాటలు వినపడలేదు గానీ ఒక గొంతు మాత్రం గడియారంలా ఆగకుండా, ఎగుడుదిగుడు లేకుండా సాగింది. రెండో గొంతు నడుమ నడుమ ముక్కు చీదింది. అరగంట తర్వాత తలుపు తెరుచుకుంది.

"మరి సీసాలో మిగిలింది?" అంటోంది చెల్లెలు, ఎర్రబడ్డ ముక్కుతో.

"పట్టుకుపో. నా మోకాళ్ళ వాటా కూడా నీ బుగ్గలకే పూసుకో."

"పూసుకోరు వదినా, తాగుతారు."

"తాగు. పెళ్ళికూతురిలా తయారవు. మీ ఆయన గుర్తుపట్టక ఇంటికి రానివ్వకపోతే నాదగ్గరికి రా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు విని గండం గడిచిందనుకుని మేస్త్రి ఆదరాబాదరా మెట్లెక్కాడు. ఆయన్ని చూడగానే నవ్వు ఆగింది. చెల్లెలితో ముడి విడిపోయింది. తనతో విడిపోలేదు. అది న్యాయమే అనిపించింది. చెల్లెలు డబ్బా తెచ్చింది. దాన్ని పారేసింది తను.

తర్వాతి ఆదివారం ఆయన టీ తాగుతుండగా, ఆమె వంటింటి అరలన్నీ ఖాళీచేసి బల్లమీద పేర్చింది. బిస్కట్లు, మందుల పెట్టె, సబ్బులు, లైబ్రరీ పిల్లలకి పంచే జెల్లీ మిఠాయిల పొట్లం. పనిగదిలోంచి భూతద్దం తనే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చదవండి. ఒక్క అక్షరం వదలొద్దు. నిర్ణయం నాది."

ఆయన చదివాడు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ అని ఉంది. "అదీ మన జిగురే. బాగా శుభ్రం చేసింది" అన్నాడు. ఆమె పొట్లం ఒక పక్కకి నెట్టింది. "పిల్లలకి ఏముందో చెప్పి ఇస్తా, తినేవాళ్ళు తింటారు. నేను నోట్లో వేసుకోను." సబ్బులో కొవ్వు ఉంది. ఆమె వాసన చూసి, "ఇది ఒంటి మీదదే కదా. అయిపోయేదాకా ఉండనీ, తర్వాత వేరేది కొందాం" అంది. ఆ తర్వాత బీపీ మాత్రల వంతు వచ్చింది. గొట్టం మాత్రలు. పైతొడుగు జెలటిన్. మేస్త్రి ఆ ముక్క కూడా పైకే చదివాడు.

ఆమె ఆ అట్టని చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పింది. "ఎనిమిదేళ్ళుగా మింగుతున్నా కదూ."

"ఊఁ."

"పిల్లలకి ఒక్కసారి కూడా తినలేదని చెప్పా." అట్ట బల్ల మీద పెట్టింది. "ఇది మీ పాపం కాదులెండి. నేనే చదువుకోలేదు. డాక్టరమ్మని అడుగుతా, బిళ్ళల్లో దొరికితే మార్చుకుంటా. దొరక్కపోతే మింగుతా. చచ్చి సాధించేదేముంది?"

ఆయనకి ధైర్యం వచ్చింది. "అంటే ఆ పొడి కూడా, అడిగుంటే..."

"ఏమో!" ఆమె మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "అడిగుంటే ఛీ అనేదాన్నేమో. మెట్లు దిగలేని రోజున అడిగుంటే తెమ్మనేదాన్నేమో. నాకే తెలీదు. ఆ తెలుసుకునేదేదో నేను తెలుసుకునేదాన్ని కదా. నా గురించి నాకు తెలియాల్సిన సంగతి మీ సీసాలో కలిపేశారు."

మేస్త్రి భూతద్దం కింద పెట్టాడు. "తప్పైంది" అన్నాడు. ఆ మాట ఇన్నాళ్ళూ అనలేదని అప్పుడే గుర్తొచ్చింది. నీ మంచికేనన్నాడు, మోకాళ్ళన్నాడు, జిగురన్నాడు. ఇది మాత్రం అనలేదు.

ఆమె కాగితం పొట్లం ఒకటి ముందుకి జరిపింది. "ఇది చదవండి."

ఆయన భూతద్దం దగ్గరికీ దూరానికీ జరిపాడు. బేకింగ్ పొడి. అంకెలూ అక్షరాలూ కలిసిన ఏవో సంకేతాలు. "ఇందులో ఏముందో నాకు తెలీదు."

"తెలీదని చెప్పారుగా. చాలు. దాన్ని నేను కనుక్కుంటా" అంటూ ఆమె పొట్లం తన వైపు పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర లైబ్రరీలో కొత్తగా వచ్చిన పుస్తకాల గురించి రెండు ముక్కలు చెప్పింది. మర్నాడు నాలుగు. ఇంట్లో మాటలు అలా చుక్కచుక్కగా తిరిగొచ్చాయి. వచ్చినవన్నీ మునుపటి మాటల్లా ఉండేవి కావు. "ఇందులో ఏముంది?" అని ఆమె అడిగినప్పుడల్లా ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, ఆ తర్వాతే జవాబు వినేది. ఆ క్షణం ఎప్పటికి పోతుందో ఆయనకి తెలియదు. పోకపోవచ్చు కూడా. ఆ చూపుకి ఆయన అలవాటు పడ్డాడు.

వానలు మొదలయ్యాక ఆమె కుడి మోకాలు మళ్ళీ సలపరించింది. మునుపటంత కాదు, అలాగని లేదనడానికీ లేదు. వ్యాయామాలు ఆరు నుంచి ఎనిమిదయ్యాయి. ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. మాత్రలు బిళ్ళల్లోకి మారాయి, తేలిగ్గానే. డాక్టరమ్మ ఏదో రాసుకుంటూ, "పొడి ఆపేశానన్నారు. నయంగా ఉందన్నారుగా, ఎందుకాపేశారు?" అనడిగింది.

"అది మా ఇంటి సంగతి లెండి" అంది పుస్తకాలమ్మ.

డాక్టరమ్మ నవ్వి మేస్త్రి వైపు తిరిగింది. "పోనీ మీరు చెప్పండి. ఆపాక తేడా ఏమైనా కనిపించిందా?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఆమె మెట్లెక్కే చప్పుడు నెల రోజులుగా చెవులారా వింటున్నవాడే. చెప్పాలంటే చాలా ఉంది.

"కాళ్ళు ఆవిడవి కదమ్మా. ఆవిణ్ణే అడగండి" అన్నాడు.

పుస్తకాలమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకి లాక్కుంది. "ఎక్కేటప్పుడు ఫర్వాలేదండీ, దిగేటప్పుడే వస్తుంది. అదీ కుడివైపే. పొద్దున ఒక రకం, సాయంత్రం ఒక రకం. మొదట్నుంచీ చెప్పనా?"

"చెప్పండి" అని డాక్టరమ్మ కలం కింద పెట్టింది. బయట వాన పడుతూనే ఉంది. ఆమె మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.